నాగశ్రీ పెట్టని సంతకం

కాగితం మీద అంతా సిద్ధంగా ఉంది. "నా స్వంత కోరికపై నన్ను క్రేన్ ఆపరేటరు పని నుంచి తప్పించి స్టోర్సులో పని ఇప్పించవలసిందిగా ప్రార్థన" అని కంప్యూటర్లో కొట్టించి, కింద చుక్కల గీత గీయించి, గీత పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు కూడా పెట్టి తెచ్చాడు షిఫ్టు ఇన్‌చార్జి గుణశేఖర్. నాగశ్రీ చేయవలసిందల్లా టిక్కు దగ్గర సంతకం గీకడం.

"తొందరేం లేదమ్మా, ఆయుధపూజ లోపల ఇస్తే చాలు. దసరా వెళ్లాక కొత్త డ్యూటీ చార్టు వేసుకోవాలి కదా," అన్నాడు. "స్టోర్సులో హాయిగా ఫ్యాను కింద కూర్చోవచ్చు. ఆడవాళ్లకి ఎందుకండీ ఆ పైన పాట్లు?"

గుణశేఖర్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాగశ్రీ ఆ కాగితాన్ని అక్కడే నాలుగు ముక్కలు చేసి అతని టేబుల్ మీద పెట్టేది. ఆమెకి కోపం ముక్కు మీదే ఉంటుందని దువ్వాడ అవతలున్న ఆ ఇనుప షెడ్డులో అందరికీ తెలుసు. కానీ ఇంత మెత్తగా మాట్లాడే మనిషితో ఎలా పోట్లాడాలో తెలియక, కాగితాన్ని మడిచి ఖాకీ చొక్కా జేబులో పెట్టుకుంది. ఆ జేబు అప్పటికే ఉబ్బిపోయి ఉంది.

నాగశ్రీకి ముప్పై ఏడేళ్లు. వాళ్ల నాన్న ఉక్కు పని దొరికిందని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ మాట నేర్చిందీ అంతా ఈ దువ్వాడ చుట్టుపక్కలే. పదకొండేళ్లుగా ఓవర్‌హెడ్ క్రేన్ నడుపుతోంది. షెడ్డు కప్పు కింద, రెండు గోడల వెంటా వేసిన పట్టాల మీద ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచే పెద్ద క్రేను అది. దాని కింద వేలాడే అద్దాల గదిలో ఆమె సీటు. కింద ఖలాసీలు ఉక్కు ప్లేట్ల కట్టకి స్లింగులనే ఇనుప తాళ్లు తగిలించి చేత్తో సైగ చేస్తారు. ఆమె పైనుంచి పన్నెండు టన్నులు ఎత్తి, లారీ స్ప్రింగు కిర్రుమనకుండా దించుతుంది.

ఆ షెడ్డులో క్రేనెక్కిన మొదటి ఆడమనిషి ఆమే. ఇప్పటికీ ఆమె ఒక్కతే. చేరిన కొత్తలో ఆడదాని చేతి కింద మేం నిలబడం అని ఖలాసీలు మొరాయించారు. నెల తిరక్కుండా వాళ్లే ఆమె షిఫ్టులోకి డ్యూటీలు మార్పించుకున్నారు. అలాంటి మనిషి ఇప్పుడు 'స్వంత కోరికపై' కిందికి దిగిపోతే, ఇక ముందు ఏ ఆడపిల్ల ఆ ఉద్యోగానికి వచ్చినా ఏమంటారో ఆమెకి బాగా తెలుసు. ఒకావిడ ఎక్కిందమ్మా, భయపడి దిగిపోయింది అంటారు. టీ తాగుతూ అంటారు, జాలిగా అంటారు. తలుచుకుంటేనే నాగశ్రీకి ఒళ్లు మండేది. కానీ ఒళ్లు మండినంత మాత్రాన కాళ్లు నిచ్చెన ఎక్కవు కదా.

ఇదంతా మే నెలలో మొదలైంది. మధ్యాహ్నం రెండు గంటలకి హుక్కుకి ప్లేట్లు వేలాడుతుండగా షెడ్డంతా కరెంటు పోయింది. కరెంటు పోతే బ్రేకు దానంతటదే బిగుసుకుంటుంది, బరువు పడదు. ఆ సంగతి నాగశ్రీకి తెలుసు. అయితే నిచ్చెన ఉన్నది షెడ్డు చివర, క్రేను ఆగింది నట్టనడుమ. కరెంటు వచ్చేదాకా ఆ అద్దాల గదిలో కూర్చోవలసిందే. పైన రేకుల కప్పు పెనంలా కాలుతోంది. కింద నిలబడ్డ వాళ్లు తలో మాటా అరుస్తున్నారు. కదలొద్దని ఒకడు, కిటికీ తెరవమని ఒకడు, పడిపోద్దేమో అని ఇంకొకడు. ముందు చెమట పట్టింది. తర్వాత వేళ్ల చివర తిమ్మిరి, ఆ వెనకే గుండె దడ. గొంతు ఎవరో పట్టుకున్నట్టయింది. నాగశ్రీ ఆ గదిలో తను చచ్చిపోతున్నాననే అనుకుంది. నలభై నిమిషాలు అలా అనుకుంటూనే ఉంది.

కరెంటు వచ్చింది. ఎలాగో క్రేనుని నిచ్చెన దగ్గరికి చేర్చింది. అక్కడినుంచి దిగలేకపోతే, ఖలాసీల పెద్ద సూరన్న ఎక్కి, తన తువ్వాలు ఆమె నడుముకి కట్టి, మెట్టుమెట్టుకీ పాదం పట్టి ఆనిస్తూ దించాడు.

ఆసుపత్రిలో తీసిన ఈసీజీలో గుండె గడియారంలా ఉంది. వారం తిరక్కుండా కంపెనీ డాక్టరు ఫిట్ అని చీటీ రాసిచ్చాడు, దడ మరీ ఎక్కువైతే వేసుకోమని నాలుగు మాత్రలూ ఇచ్చాడు. ఆ చీటీ పట్టుకుని వెళ్లి నిచ్చెన మీద చెయ్యి వేసింది. ఏడో మెట్టు దగ్గర మళ్లీ అదే దడ. దిగిపోయింది. దిగగానే ప్రాణం లేచొచ్చింది. మర్నాడు నాలుగో మెట్టు. ఆ మర్నాడు నిచ్చెనని చూడగానే. అప్పటినుంచి షెడ్డులోనే కింద లోడ్ల లెక్క రాసే పని చేస్తోంది.

అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. జూన్‌లో డాబా మీద బట్టలారేయడం మానేసింది. తర్వాత దువ్వాడ స్టేషన్లో పాదచారుల వంతెన ఎక్కడం మానేసి, ఒకటో ప్లాట్‌ఫారం మీద ఆగని బళ్లన్నీ వదులుకుంది. తర్వాత లిఫ్టులు. పోర్టులో గుమస్తాగా చేసే భర్త శివరామకృష్ణ, "పోనీ మానెయ్యరాదా, నీకెందుకీ బాధ?" అన్నాడు. ఆ రాత్రి అతనికి అన్నం పెట్టిందే కానీ మాట పెట్టలేదు.

అత్తగారు మంగాయమ్మ మాత్రం ఊరుకునే మనిషి కాదు. "గుండె బాగానే ఉందన్నాక ఇది దిష్టేనే," అని తేల్చేసింది. కోడలిని సింహాచలం తీసుకెళ్లింది. వన్ టౌన్‌లో కొండ మీది దర్గాకి తీసుకెళ్లి చేతికి నల్లతాడు కట్టించింది. వచ్చేటప్పుడు ఒక నిమ్మకాయకి కుంకుమ రాసి జేబులో పెట్టి, "ఇది నీ దగ్గరుండగా నీకేం అవదు," అంది. నిమ్మకాయ ఎండిపోతే మార్చేది కూడా ఆవిడే.

చివరికి ఎవరో చెప్పగా మధురవాడలో మనసుకి సంబంధించిన డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది నాగశ్రీ. తీరా వెళితే ఆ క్లినిక్కు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు ఎక్కలేదు, మెట్లెక్కలేదు. కింద పార్కింగులో నిలబడి ఫోన్ చేసి, "పైకెక్కలేని వాళ్లకి వైద్యం సేత్తామని బోర్డెట్టి నాలుగో అంతస్తులో కూకున్నారేటండీ?" అని దులిపేసింది.

ఐదు నిమిషాల్లో ఆ డాక్టరమ్మే దిగి వచ్చింది. అందరూ డాక్టరమ్మ అంటారు గానీ, మందులు రాయకుండా మనసుకి వైద్యం చేసే సైకాలజిస్టు. పేరు ఆస్రా. ముప్పై కూడా ఉండవు. వన్ టౌన్‌లో తాళాల వ్యాపారం చేసే వాళ్ల అమ్మాయి. ఇద్దరూ స్టాండు వేసి ఉన్న బైకుల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి వైద్యం అక్కడే జరిగింది. నాగశ్రీ మే నెల నుంచీ జరిగిందంతా చెప్పింది. ఆస్రా అడ్డు రాకుండా వింది.

"నేను బేరాల మధ్య పెరిగినదాన్ని అక్కా," అంది ఆస్రా అంతా విన్నాక. "భయం కూడా బేరానికే వస్తుంది. నిచ్చెన వదిలెయ్, నిన్ను వదిలేస్తా అంటుంది. మీరు నిచ్చెన ఇచ్చారు. వదిలిందా? డాబా అడిగింది, ఇచ్చారు. వంతెన అడిగింది, లిఫ్టు అడిగింది. మీరు ఇచ్చినకొద్దీ అడుగుతుంది. రేపు ఇల్లు దాటొద్దు అంటుంది."

"మరేటి సెయ్యమంటారు? భయపడకూడదని నాకు తెలుసు. భయం ఆగట్లేదు."

"భయపడొద్దని నేను అనలేదే. భయపడండి. కానీ పారిపోకండి. ఎక్కిన చోట నిలబడండి, అది తగ్గేదాకా దిగకండి. మధ్యలో దిగితే, దిగబట్టే బతికాను అని మీ ఒళ్లు నేర్చుకుంటుంది. నిలబడితే, నిలబడ్డా చావలేదని నేర్చుకుంటుంది. ఒంటికి మాటలు చెబితే ఎక్కదు. చేసి చూపించాలి."

ఆస్రా ఒక కాగితం మీద నాగశ్రీ భయాలన్నీ రాయించి, ఒక్కోదానికీ వందకి ఇన్నని మార్కులు వేయించింది. డాబా ముప్పై, లిఫ్టు యాభై, దువ్వాడ వంతెన అరవై, నిచ్చెన ఎనభై. అన్నిటికన్నా పైన, కరెంటు లేని క్యాబిన్లో కూర్చోవడం నూరు. కింద నుంచి ఒక్కోటీ చేసుకుంటూ పోవాలి. ఒకసారి చేసి హమ్మయ్య అనుకోవడం కాదు, విసుగొచ్చేదాకా చేయాలి.

"ఆ ఆఖరిది ఎలగండీ? నా ఒక్కదాని కోసం షెడ్డంతా కరెంటు తీత్తారేటి? ఏడాదికి ఒక్క ఆయుధపూజ రోజే మెయిన్ ఆపుతారు," అంది నాగశ్రీ.

"అయితే ఆ రోజుకి తయారవుదాం," అంది ఆస్రా.

డాబా వారంలో లొంగింది, ఆ వెనకే లిఫ్టూ లొంగింది. వంతెన అంత తేలిగ్గా లొంగలేదు. మొదటి రోజు ఆస్రా వెంట వచ్చి, మెట్ల దగ్గరే నిలబడిపోయి, నడుమకి ఒక్కదాన్నే వెళ్లమంది. వెళ్లింది. కింద గూడ్సు బండి వచ్చి వంతెన సన్నగా వణికేసరికి నాగశ్రీకి కాళ్లలో నెత్తురు తోడేసినట్టయింది. రెయిలింగు పట్టుకుని, పళ్లు బిగించి, మనసులో ఆస్రాని తిట్టుకుంటూ నిలబడింది. పనసకాయ నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒకాయన, "దారికడ్డంగా ఏటమ్మా అలా పాతేసినట్టు? బండి దాటిపోద్ది, జరుగు!" అని కసిరాడు. ఆమెకి కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్లూ భయానికే తప్ప మరి దేనికీ ఖాళీ లేదు లోపల.

నలభై ఐదు నిమిషాల్లో పదకొండు బళ్లు లెక్కపెట్టింది. అరవై మార్కులతో మొదలైన భయం పదకొండో బండి వచ్చేసరికి ముప్పైకి పడింది. ఎవరూ తగ్గించలేదు, దానంతటదే తగ్గింది. ఆ రోజు నుంచి రెండు వారాలపాటు రోజూ డ్యూటీ దిగి వచ్చి వంతెన మీద నిలబడింది. స్టేషన్లో టీ అమ్మే వాళ్లు, ఈవిడకి ఎవరి కోసమో ఎదురుచూపులు అనుకున్నారు. పదమూడో రోజున ఆమె అక్కడ నిలబడి ఆవులించింది. ఇంటికి వెళ్తూ ఆ ఆవులింత సంగతి ఆస్రాకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆగస్టులో నిచ్చెన దగ్గరికి వచ్చింది. నలభై రెండు మెట్లు. అప్పటికి ఆమె క్రేనుని సాయిశంకర్ అనే కుర్ర ఆపరేటరు నడుపుతున్నాడు. భోజనాల వేళ క్రేను ఖాళీగా ఉన్నప్పుడు ఆమెని ఎక్కనిచ్చేవాడు. సూరన్న ఒక ఉపాయం చేశాడు. చేతి సైగలతో నడిచే ఆ షెడ్డులో ఎవరికీ లేని వాకీటాకీ సెట్లు రెండు ఎక్కడినుంచో పట్టుకొచ్చి, ఒకటి ఆమెకి ఇచ్చి, రెండోది తను పట్టుకుని నిచ్చెన కింద నిలబడ్డాడు. ఆమె ఎక్కుతున్నంతసేపూ అతని గొంతు సెట్లోంచి వినిపిస్తూనే ఉండేది. "నానున్నాను తల్లీ. ఏటీ అవదు. ఇంకో మెట్టెయ్యి. నానిక్కడే ఉన్నాను."

పదో మెట్టు, ఇరవయ్యో మెట్టు, ముప్పయ్యో మెట్టు. సెప్టెంబరు మొదటి వారంలో ఏకంగా క్యాబిన్లోకి వెళ్లి సీట్లో కూర్చుంది. కింద ఖలాసీలు చప్పట్లు కొట్టారు. మంగాయమ్మ వీధిలో వాళ్లకి లడ్డూలు పంచింది. అయిదు రోజులు వరసగా ఎక్కింది నాగశ్రీ.

ఆరో రోజు ముప్పై ఒకటో మెట్టు దగ్గర సెట్టు బ్యాటరీ అయిపోయింది.

గొంతు ఆగిపోయింది, అంతే. నిచ్చెన అదే, మెట్టు అదే. కానీ మే నెల మొత్తం ఒక్కసారి వచ్చి మీద పడింది. నిచ్చెనని కావలించుకుని కళ్లు మూసుకుంది. సూరన్న మళ్లీ ఎక్కవలసి వచ్చింది, మళ్లీ తువ్వాలు కట్టవలసి వచ్చింది. షెడ్డంతా చూసింది. గుణశేఖర్ కూడా చూశాడు. మర్నాడే ఆ కాగితం తెచ్చాడు.

నాగశ్రీ కాగితం జేబులో పెట్టుకుని నేరుగా మధురవాడ వెళ్లింది. ఈసారి మెట్లెక్కే వెళ్లింది, కోపం మీద నాలుగు అంతస్తులు తెలియలేదు. "మీ మార్కులూ వద్దు, మీ వైద్యమూ వద్దు. రెండు నెలలు సేసినాను. ఒక్క బ్యాటరీతో పోయింది," అని ఆస్రా ముందు కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లలో ఎవరి ముందూ ఏడవని మనిషి ఆ పిల్ల ముందు ఏడ్చింది.

ఆస్రా ఓదార్చలేదు. "జేబులో ఏమున్నాయక్కా?" అంది.

"ఏటి?"

"ఆ జేబులోవి. అన్నీ బల్ల మీద పెట్టండి."

నాగశ్రీ తీసి పెట్టింది. కుంకుమ రాసిన నిమ్మకాయ. మాత్రల అట్ట, నాలుగూ నాలుగే ఉన్నాయి. చిన్న నీళ్ల సీసా. చచ్చిన బ్యాటరీ సెట్టు. మడిచిన కాగితం. బల్ల మీద చిన్న సంతలా తయారైంది.

"ఈ మాత్రలు వేసుకోవద్దని నేననను, అది మీ డాక్టరు గారు చెప్పాలి. కానీ ఒక్కటీ వేసుకోకుండా నాలుగు నెలలుగా ఎందుకు మోస్తున్నారు?"

"ఉంటే ధైర్యం."

"నిమ్మకాయ?"

"ఉంటే ధైర్యం."

"సూరన్న గారు?"

నాగశ్రీ చూపు చచ్చిన సెట్టు మీదికి పోయింది.

"మీ ఒళ్లు అయిదు రోజులు నేర్చుకుంది ఏంటంటే, నాగశ్రీ ఎక్కలేదు, సూరన్న ఎక్కించాడు అని. అందుకే ఆయన గొంతు ఆగితే మీరూ ఆగారు," అంది ఆస్రా. తర్వాత ఆమె చేతి నల్లతాడు వైపు చూసి, "ఇది మా నానమ్మా కట్టుకునేది. భక్తితో కట్టుకుంటే ఉంచుకోండి. భయంతో కట్టుకుంటే మాత్రం ఆలోచించండి," అంది.

నాగశ్రీ మాత్రల అట్టనీ నిమ్మకాయనీ ఒక పక్కకి జరిపింది. ఆస్రా మళ్లీ అడిగింది. "మే నెలలో కరెంటు వచ్చాక హుక్కుకున్న ప్లేట్లు ఏమయ్యాయి?"

"దించేసాం."

"సాం అంటే ఎవరు?"

"నానే. పైన నాను కాక ఇంకెవులున్నారు?"

"ఎలా దించారు?"

"ఎలగేటి? లారీ మీద. సరిగ్గా చెక్కల మీద పెట్టి, స్లింగు ఊడదీయించి, అప్పుడు క్రేను తెచ్చి..." నాగశ్రీ నోరు అక్కడ ఆగిపోయింది. చచ్చిపోతున్నానని అనుకుంటూనే పన్నెండు టన్నులు దించింది. అంగుళం తేడా లేదు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ అనలేదు. తువ్వాలు కట్టి దించడమే అందరికీ గుర్తుంది, తనకీ అదే గుర్తుంది.

మర్నాడు సూరన్నని పక్కకి పిలిచి సెట్టు అతని చేతిలో పెట్టింది. "బాబాయ్, ఇంక ఇది వద్దు. నువ్వు నన్ను ఎక్కిత్తన్నావనుకుంటన్నావు గానీ మోత్తన్నావు. నీ మంచితనమే నన్ను కూకోబెట్టేత్తంది."

సూరన్న మొహం మాడిపోయింది. "నానేటి తప్పు సేసినాను తల్లీ?" అన్నాడు. సెట్టుని చేతిలో తిప్పుతూ గొంతు తగ్గించాడు. "నీకోటి సెప్తాను, ఎవులికీ సెప్పకు. ఆ రోజు పడిపోద్దేమో అని అరిసింది నానే. ముప్పయ్యేళ్లు ఈ పని సేసినోణ్ణి, బ్రేకు సంగతి నాకు తెల్దా? అయినా అరిసేసినాను. అప్పట్నించీ లోడు ఏలాడితే నాకూ కాళ్లు నిలబడవు. ఆ సెట్లో మాట్లాడింది నీకోసమే కాదు. నోరు కదుల్తంటే నాకు దడ తెలీదు."

నాగశ్రీ అతన్ని తేరిపార చూసింది. కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. "అయితే నువ్వూ నోరు మూసుకుని నిలబడు బాబాయ్. ఇద్దరం కలిసే సద్దాం," అంది. సూరన్న కూడా నవ్వాడు గానీ కళ్లు తుడుచుకున్నాడు.

మిగిలిన మూడు వారాలూ సెట్టు లేకుండా, సీసా లేకుండా, మాత్రలు లేకుండా ఎక్కింది. ఒక్కోరోజు పది మెట్లే. ఒక్కోరోజు ముప్పై. ఎక్కడ ఆగితే అక్కడ, దడ తగ్గేదాకా వేలాడింది. నిమ్మకాయ ఇంట్లోనే వదిలేస్తే మంగాయమ్మ అలిగింది. "పప్పులో పిండండి అత్తయ్యా, పులుపు బాగుంటది," అంది కోడలు. క్యాబిన్ దాకా మాత్రం ఇంకా చేరలేదు. ఇంతలోనే ఆయుధపూజ వచ్చేసింది.

ఆ రోజు ఉదయం షెడ్డు కడిగి, మామిడాకులు కట్టి, మెయిన్ స్విచ్ ఆపేశారు. పూజ అయ్యేదాకా ఏ యంత్రమూ తిరగకూడదు. ఎవరి యంత్రానికి వాళ్లే బొట్టు పెట్టాలి, పూజయ్యాక ఎవరిది వాళ్లే మొదలెట్టాలి. అది అక్కడి ఆచారం. లేత్ పని వాళ్లు లేత్‌కి, వెల్డర్లు వెల్డింగ్ పెట్టెకి పెట్టుకుంటున్నారు. క్రేను నిచ్చెన దగ్గర ఆపి ఉంది. కింద సాయిశంకర్ కుంకుమ పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

నాగశ్రీ వెళ్లి పళ్లెం అందుకుంది. "నా క్రేనుకి నాను పెట్టుకుంటాన్రా తమ్ముడూ."

సాయిశంకర్ ఆమె మొహం చూసి పక్కకి జరిగాడు. "నీదే అక్కా," అన్నాడు.

గుణశేఖర్ దూరం నుంచే, "నాగశ్రీ గారూ, పండగపూట ఎందుకండీ రిస్కు?" అన్నాడు.

"సంతకం ఎట్టేదాకా ఆపరేటర్నే కద సార్," అంది ఆమె.

పళ్లెం పట్టుకుని నిచ్చెన ఎక్కలేం, రెండు చేతులూ కావాలి. కుంకుమ పొట్లం కట్టుకోవాలి. కాగితం కోసం చుట్టూ చూసింది, దొరకలేదు. జేబులో చెయ్యి పెడితే ఒక్కటే దొరికింది. దాన్ని విప్పి, గుప్పెడు కుంకుమ పోసి, పొట్లం కట్టి జేబులో వేసుకుంది. ఎక్కడం మొదలెట్టింది.

ఏడో మెట్టు దగ్గర దడ మొదలైంది. ముప్పై ఒకటి దగ్గర చేతులు చెమటకి జారాయి. చొక్కాకి తుడుచుకుని మళ్లీ పట్టుకుంది. కింద సూరన్న నోరు మెదపకుండా నిలబడ్డాడని ఆమెకి చూడకుండానే తెలుసు. నలభై రెండో మెట్టు దాటి క్యాబిన్ తలుపు తీసింది. లివర్లకి బొట్లు పెట్టింది. సీట్లో కూర్చుంది.

ఫ్యాను లేదు, లైటు లేదు, చేతి కింద లివర్లు చచ్చి ఉన్నాయి. రేకుల వేడి నెత్తి మీదికి దిగుతోంది. సరిగ్గా ఆనాటిలాగే ఉంది. భయం ఎనభై, తొంభై, నూరు. గొంతు పట్టేసింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. "రా, ఇంకా ఎంతుందో చూపించు," అంది నాగశ్రీ పైకే, పళ్ల మధ్య నుంచి. "ఈరోజు నాను దిగను."

కింద పంతులుగారు నింపాదిగా చదువుతున్నారు. మేనేజరు రావడం ఆలస్యమైందని పూజ ఇంకా సాగింది. గుణశేఖర్ నిచ్చెన దగ్గరికి వచ్చి, బొట్టు పెట్టడం అయింది కదా దిగి రమ్మని కేకేశాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి చాచి అరచెయ్యి కిందికి తిప్పి చూపించింది. ఆగు అని ఖలాసీల సైగ. ఖలాసీలంతా గొల్లున నవ్వారు. పంతులుగారు మంత్రం మధ్యలో తల తిప్పి చూశారు.

గంటా పది నిమిషాలు కూర్చుంది. నూరు ఎనభై అయింది. ఎనభై అరవై అయింది. అక్కడ ఆగిపోయింది. వంతెన మీదలాగా ముప్పైకి పడుతుందని చూసింది, పడలేదు. ఇంతలో కింద గుమ్మడికాయ పగిలిన చప్పుడు వినిపించింది. మెయిన్ వేశారు. నెత్తి మీద ఫ్యాను తిరిగింది, లైట్లు వెలిగాయి. కింద పూజయ్యాక ఎత్తే మొదటి లోడు సిద్ధంగా ఉంది. పూలదండ వేసిన ప్లేట్ల కట్ట. సాయిశంకర్ నిచ్చెన ఎక్కడానికి చెయ్యి వేసి, పైకి చూసి, చెయ్యి తీసేశాడు.

భయం అరవై దగ్గర కదలకుండా కూర్చుంది. తగ్గేదాకా ఆగుదామా అనుకుంది ఒక్క క్షణం. తగ్గకపోతే? ఆ రోజు నూరు ఉండగానే దించాను కదా, ఈ అరవై ఎంత? నాగశ్రీ లివరు మీద చెయ్యి వేసింది. క్రేను పట్టాల మీద కదిలింది.

సూరన్న లోడు పక్కన నిలబడ్డాడు. పంచె అంచు వణకడం పైనుంచి కూడా కనిపించింది. స్లింగులు తగిలించాడు. చెయ్యి పైకెత్తాడు, చూపుడు వేలు ఆకాశం వైపు పెట్టి గుండ్రంగా తిప్పాడు. ఎత్తు అని. ఒక్క మాట లేదు. ఆమె ఎత్తింది. పూలదండ ఊగలేదు. షెడ్డు పొడవునా నడిపించి, ఆ చివర చెక్కల మీద దించింది.

క్రేనుని నిచ్చెన దగ్గరికి తెచ్చి దిగి వచ్చేసరికి అందరూ ప్రసాదాలు తింటున్నారు. నాగశ్రీ సరాసరి గుణశేఖర్ దగ్గరికి వెళ్లి జేబులోంచి పొట్లం తీసింది. "బొట్టు పెట్టుకోండి సార్. క్రేను దగ్గరిది."

గుణశేఖర్ పొట్లం విప్పాడు. కుంకుమ కింద తను కొట్టించిన అక్షరాలు కనిపించాయి. 'స్వంత కోరికపై' దగ్గర ఎర్రగా అలుక్కుపోయి ఉంది. చుక్కల గీత మీద, పెన్సిల్ టిక్కు మీద కుంకుమే.

"ఇది..." అన్నాడు.

"కాయితం దొరకనేదు సార్. పైకెక్కాలంటే రెండు చేతులూ కావాల కదా," అంది నాగశ్రీ. "సెలవయ్యాక నాది పొద్దుటి ఎ-షిఫ్టే కదండీ? చార్టులో ఎయ్యండి."

పక్కన ఖలాసీలు పులిహోర ఆకులు పట్టుకుని చూస్తున్నారు. గుణశేఖర్ వాళ్ల వైపు ఓసారి చూశాడు. తర్వాత ఆ కాగితం మీది కుంకుమే చిటికెడు తీసి నుదుట పెట్టుకున్నాడు.

సెలవు తర్వాత ఉదయం ఆరింటికి నాగశ్రీ నిచ్చెన దగ్గరికి వచ్చింది. జేబు ఖాళీగా ఉంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే గుండె టకటకా మొదలెట్టింది, అలవాటైన వేళకి అలవాటైనట్టే.

"వచ్చేవా? నువ్వూ రా," అంది నాగశ్రీ. "డ్యూటీకి టైమయిపోతంది."

ఎక్కింది.